ఆపరేషన్‌కు సంతకం పెట్టాక మనసు మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, సంతకం పెట్టినా, థియేటర్ బల్ల మీద పడుకున్నా, మత్తు ఎక్కేలోపు కారణం చెప్పకుండానే "వద్దు" అనొచ్చు.

ఎందుకంటే సమ్మతి అంటే ఆ కాగితం కాదు. ఏం చేస్తారు, లాభమేమిటి, ముప్పులేమిటి, వేరే దారులున్నాయా, అసలు చేయించుకోకపోతే ఏమవుతుంది, ఈ ఐదూ అర్థమయ్యాక రోగి చెప్పే మాటే సమ్మతి. సంతకం దానికి రుజువు మాత్రమే. అందుకే మందు మగతలో పెట్టించిన సంతకానికి విలువ లేదు. రోగి తెలివిలో ఉండగా భర్తో కొడుకో పెట్టినదీ సరిపోదు (చాలాచోట్ల అలాగే కానిచ్చేస్తారు, అది వేరే సంగతి).

పిత్తాశయం తీయడానికి కెమెరా ఆపరేషన్‌కు ఒప్పుకున్నారనుకుందాం. రక్తస్రావం ఆగకపోతే పొట్ట కోయాల్సి రావచ్చని ముందే చెబితే అదీ ఒప్పుకున్నట్టే. అండాశయం మీద కంటబడ్డ నీటితిత్తిని మాత్రం, ప్రాణం మీదికి రానప్పుడు, పనిలో పనిగా తీసేయకూడదు. మెలకువ వచ్చాక అడగాలి.

సంతకం పెడితే ఇక డాక్టరును నిలదీయలేమన్నది అపోహ. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఎదురయ్యే ముప్పుకే ఆ సంతకం వర్తిస్తుంది. కడుపులో గుడ్డ మరిచిపోతే, "ఏం జరిగినా మాకు బాధ్యత లేదు" అన్న వాక్యం ఆసుపత్రిని కాపాడదు.