రేడియం మెషిన్ కొనివ్వమంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది తాడిపత్రి. మావాడు ఇంటర్ రెండో సంవత్సరం, సీఈసీ. కాలేజీ అయిపోగానే బండ్లకు, అద్దాలకు స్టిక్కర్లు కోసి అంటించే ఒక రేడియం షాపులో కూర్చుంటున్నాడు. పనంతా వచ్చేసిందంట, ఇంక చదువు వద్దంట, కటింగ్ మెషిన్ కొనిస్తే సొంతంగా షాపు పెట్టుకుంటాడంట. వాళ్ల నాన్న లారీ డ్రైవరు. చీటీ పాడితే లక్ష దాకా చేతికొస్తుంది. ఇప్పించాలా, గట్టిగా కాదనాలా?
– ఒక తల్లి, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, చీటీ ఇప్పుడే పాడొద్దు. అట్లని పిల్లోణ్ని ఆ షాపు మాన్పించొద్దు. ఆ వయసులో ఫోన్ పట్టుకుని కూర్చోకుండా సాయంత్రాలు ఒక పని దగ్గర నిలబడుతున్నాడంటే తీసిపారేసే విషయం కాదు. ‘పనంతా వచ్చేసింది’ అన్న మాటను మాత్రం తేల్చుకోవాలి. ఈ పనిలో మెషిన్ నడపడం తొందరగానే వస్తుంది. మెషిన్‌కు ఇచ్చే ఫైలు తయారుచేయడం, కోసినదాన్ని చెడకుండా అంటించడం ఆలస్యంగా వస్తాయి. గిరాకీ డబ్బులిచ్చేది ఆ రెంటికే.

ముందు మెషిన్ సంగతి మీకు తెలియాలి. అది ప్రింటు తీయదు, రంగు వేయదు. దాని కొనలో చిన్న బ్లేడు ఉంటుంది. కంప్యూటర్‌లో గీసిన గీత ఎటు పోతే అదీ అటు తిరుగుతూ పైనున్న స్టిక్కర్‌ను, దాని జిగురును కోస్తుంది. కిందున్న కాగితం తెగకూడదు. తర్వాత అక్కర్లేని భాగాన్ని సూదితోనో ట్వీజర్‌తోనో పీకేసి, మిగిలిన అక్షరాల మీద ట్రాన్స్‌ఫర్ టేపు (అక్షరాలను వరస చెదరకుండా ఎత్తే జిగురు టేపు) వేసి ఎత్తి, అద్దం మీదో బండి మీదో అంటిస్తారు.

ఇప్పుడు మీవాడికి ఒక పరీక్ష పెట్టండి. మనవైపు ఆటోల వెనకాల అద్దాల మీద రాయించుకునే ‘శ్రీ ఖాద్రీ లక్ష్మీనరసింహస్వామి ప్రసన్న’ అన్న ఒక్క లైను చాలు. ఫాంటు ఎంచుకోవడం దగ్గర్నుంచి అద్దానికి అంటించేదాకా ఓనరు చెయ్యి పడకుండా చేసి చూపించమనండి. మీరు పక్కనే కూర్చోండి. కంప్యూటర్ రాకపోయినా ఫరవాలేదు, ఏం చూడాలో చెప్తాను.

అసలు చిక్కంతా ‘క్ష్మీ’ దగ్గర ఉంది. మన డీటీపీ షాపుల్లో ఎక్కువగా వాడే అను ఫాంట్లలో గుణింతాలు, ఒత్తులు విడివిడి ముక్కలుగా వచ్చి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. తెర మీద, ప్రింటులో ఆ అతుకు కనపడదు. బ్లేడుకు మాత్రం ప్రతి ముక్క అంచూ ఒక గీతే. పైన గుడిదీర్ఘం, కింద ష ఒత్తు, దాని పక్కన మ ఒత్తు, ఇవి ఎక్కడ ఒకదాన్నొకటి ఎక్కాయో అక్కడల్లా కోసుకుంటూ పోతుంది. పీకేటప్పుడు అక్షరం మధ్యలోంచి తునక ఊడొస్తుంది. అందుకే కోరెల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను కర్వ్స్‌గా (గీతల బొమ్మగా) మార్చి, ముక్కలన్నీ వెల్డ్ చేసి, అంటే ఒకే ముక్కగా కలిపి, వైర్‌ఫ్రేమ్‌లో పెట్టి చూసుకోవాలి. అందులో రంగు పోయి గీతలే మిగులుతాయి. అక్షరం లోపల అడ్డగీత ఒక్కటి కూడా ఉండకూడదు. అడ్డగీత ఉందీ లేనిదీ మీరైనా చెప్పగలరు. మీవాడు ఆ స్క్రీను తెరిచి చూశాడా, నేరుగా కటింగ్ కొట్టేశాడా అన్నదే నాకు కావలసిన జవాబు.

వాట్సాప్‌లో వచ్చిన లోగో ఫొటో ఇచ్చి ‘ఇదే కోయండి’ అనే గిరాకీలే ఎక్కువ. దాన్ని ఒక్క క్లిక్కుతో ట్రేస్ చేస్తే, అంటే ఫొటోను కంప్యూటర్‌తోనే గీతలుగా మార్పిస్తే, గీత పొడవునా వందల చుక్కలు పడతాయి. బ్లేడు నత్తినత్తిగా కదిలి అంచులు గరగరలాడతాయి. ఆ చుక్కలు తగ్గించడానికి, లేదంటే లోగోను మళ్లీ గీయడానికి ఓపిక ఉందో లేదో కూడా చూడండి. నా లెక్కలో ఆ ఓపిక ఉన్నవాడే ఈ లైన్లో నిలబడతాడు.

కోసే ముందు ఒక మూలన చిన్న చతురస్రం కోసి చూడాలి. దాన్ని పీకాక కాగితం వెనక్కి తిప్పితే సన్నటి గీత అచ్చు పడినట్టు కనపడాలి, తెగి ఉండకూడదు. తెగితే బ్లేడు ఎక్కువ బయటికి వచ్చిందనో, ప్రెషర్ ఎక్కువైందనో అర్థం. మామూలు స్టిక్కర్‌కు 45 డిగ్రీల బ్లేడు సరిపోతుంది. రాత్రిపూట మెరిసే రిఫ్లెక్టివ్ షీటు మందం, 60 డిగ్రీలది మేలు. అందులోని గాజు పూసలకు బ్లేడు తొందరగా మొద్దుబారుతుంది కూడా. మొద్దుబారిన బ్లేడుకు ప్రెషర్ పెంచుకుంటూ పోయే పిల్లలు చాలామంది. బ్లేడు మార్చాలని తోచినవాడికి పని తెలిసినట్టు.

అంటించడానికి మన ఎండ పెద్ద శత్రువు. మధ్యాహ్నం కాలిన రేకు మీద జిగురు తాకీ తాకగానే పట్టేస్తుంది, సరిచేయడానికి రాదు. నీడకు తెచ్చి, దుమ్ము తుడిచి, సబ్బునీళ్లు చల్లి అంటించి, లోపలి నీళ్లను మెల్లిగా బయటికి తోస్తే బుడగలు రావు. అద్దం లోపలివైపు అంటించి బయట నుంచి చదవాలంటే అక్షరాలు తిరగేసి కోయాలి. టీషర్టుల మీద వేడితో అతికించే వినైల్ షీటుకూ అంతే.

ఇంక సంపాదన మాట. నంబర్ ప్లేట్లను నమ్ముకుని షాపు పెడతానంటే వద్దనండి. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు షోరూం నుంచే వస్తుంది. బండ్ల అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటించడాన్ని సుప్రీంకోర్టు 2012లోనే వద్దంది. లారీలకు వేసే రిఫ్లెక్టివ్ టేపు ఆమోదం ఉన్నదే అయ్యుండాలి, ఆ సంగతి వాళ్ల నాన్నకే బాగా తెలుసు. మిగిలేవి స్కూలు బస్సులు, క్లినిక్కుల అద్దాలు, బండల ఫ్యాక్టరీల బోర్డులు, పెళ్లి కార్లు, టీషర్టులు. తాడిపత్రిలాంటి ఊళ్లో తిండికి సరిపోతాయి గానీ, ఇప్పుడున్న షాపులతో పంచుకోవాలి.

లక్షంటే మెషిన్ ఒక్కదానికే అనుకోకండి. కంప్యూటర్, స్టిక్కర్ షీట్ల రోల్స్, టీషర్టులకైతే వేడితో అతికించే హీట్ ప్రెస్, రూము అడ్వాన్సు అన్నీ అందులోంచే. చైనా మెషిన్ చవక, జపాన్‌వైన రోలాండ్, గ్రాఫ్‌టెక్ ఖరీదు. చిన్న అక్షరాలు, పొడవైన లైన్లు కోసినప్పుడు తేడా తెలుస్తుంది. కోరెల్‌డ్రాకు డబ్బు లేకపోతే అలాంటిదే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. రామభద్ర, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లూ ఉచితమే, వాటితో ఇంట్లోనే సాధన చేయొచ్చు. చీటీ మొదట్లో పాడితే పాటలో వదులుకునే డబ్బు ఎక్కువని మీకు నేను చెప్పక్కర్లేదు. పద్దెనిమిది నిండాక కేంద్రం రుణ పథకం ముద్రాలో శిశు కింద 50,000 దాకా పూచీకత్తు లేకుండా బ్యాంకులో అడగొచ్చు.

ఇంటర్ మాత్రం పాసవ్వాల్సిందే, ఇందులో బేరం లేదు. ఆ తర్వాత ఐటీఐలో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్ అని ఏడాది ట్రేడ్ ఉంది, దగ్గరి ఐటీఐలో ఉందేమో అడ్మిషన్లప్పుడు కనుక్కోండి. బొమ్మలు వేసే చెయ్యి ఉంటే కడపలోని ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో అప్లయిడ్ ఆర్ట్‌లో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ (చిత్రకళ డిగ్రీ) ఉంది, దానికి ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ‘స్టిక్కర్లు కోసేవాడికి డిగ్రీ ఎందుకు’ అని వాడు అడుగుతాడు. లోగో గీసేవాడికి, గీసినదాన్ని కోసేవాడికి వచ్చే డబ్బుల్లో తేడా ఎంతో ఆ షాపు ఓనర్నే చెప్పమనండి.

ఓనరుతో మీరూ ఒకసారి మాట్లాడండి. మావాణ్ని టీలకు, టేపు పట్టుకోవడానికి కాకుండా వారంలో రెండు ఫైళ్లు మొదట్నుంచీ చేయనివ్వమని, పాడైన షీటు డబ్బులు మేమిస్తామని చెప్పండి. అక్కడ లేజర్ మెషిన్ కూడా ఉంటే స్టిక్కర్ వినైల్ ముక్క దాంట్లో ఎప్పుడూ పెట్టొద్దని పిల్లోడికి గట్టిగా చెప్పండి. ఆ షీటు పీవీసీ అనే ప్లాస్టిక్, అది కాలితే వచ్చే వాయువు ఊపిరితిత్తులకు ప్రమాదం, మెషిన్‌కూ తుప్పు. పరీక్షల నెలలో షాపు పూర్తిగా బంద్ అని ఓనరుకు ఇప్పుడే చెప్పి ఉంచండి.