లోడాష్ ఉండగా మళ్లీ మనం రాయడం దేనికి?

ప్రశ్న: జావాస్క్రిప్ట్ నేర్చుకుంటున్నాను. సాధన కోసం చిన్న యుటిలిటీ లైబ్రరీ సొంతంగా రాస్తున్నాను. మ్యాప్, ఫిల్టర్, రెడ్యూస్ అయిపోయాయి. లోడాష్ అనే రెడీమేడ్ యుటిలిటీ లైబ్రరీ ఉండగా ఇదంతా టైం వేస్ట్ అంటోంది నా ఫ్రెండ్. నిజమేనా? తర్వాత ఏం రాయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆఫీసు ప్రాజెక్టుకైతే మీ ఫ్రెండ్ మాట కరెక్టే, నేర్చుకోవడానికి మాత్రం కాదు. 2009లో అండర్‌స్కోర్ (అలాంటిదే ఇంకో లైబ్రరీ), 2012లో లోడాష్ వచ్చేనాటికి భాషలో లేనివి చాలా ఉండేవి, ఇప్పుడు వాటిలో ఎక్కువ భాగం భాషలోకే వచ్చేశాయి. కాబట్టి మీ లైబ్రరీతో మీకు తప్ప ఎవరికీ పనిలేదు. అదే మంచిది, తీరిగ్గా రాసుకోవచ్చు.

అయిపోయాయి అంటున్నారు గానీ, నిజంగా అయ్యాయా? భాషలో ఉన్న అసలు మ్యాప్ కాల్‌బ్యాక్‌కి (మనం ఇచ్చే ఫంక్షన్‌కి) విలువతో పాటు ఇండెక్స్‌నీ, మొత్తం అర్రేనీ కూడా పంపుతుంది. '1', '2', '3' అనే స్ట్రింగులున్న అర్రే మీద మ్యాప్‌కి పార్స్‌ఇంట్‌ని నేరుగా ఇచ్చి చూడండి, 1 తర్వాత రెండుసార్లు నాన్ (NaN, అంటే 'సంఖ్య కాదు') వస్తుంది, ఎందుకంటే పార్స్‌ఇంట్ ఆ ఇండెక్స్‌ని సంఖ్యామానం అనుకుంటుంది. మీ మ్యాప్‌తో కూడా అదే రావాలి! ఇక రెడ్యూస్‌లో ఖాళీ అర్రే ఇచ్చి, మొదటి విలువ ఇవ్వకపోతే టైప్‌ఎర్రర్ రావాలి. ఆ విలువ ఇచ్చారా లేదా అన్నది అన్‌డిఫైన్డ్‌తో పోల్చి తేల్చారంటే దొరికిపోతారు, కావాలనే అన్‌డిఫైన్డ్ పంపేవాళ్లూ ఉంటారు కదా, ఆర్గ్యుమెంట్లు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టాలి. ఇలాంటి ప్రతిదానికీ ఒక టెస్ట్ రాయండి, నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ని నడిపేది) 18 నుంచి టెస్ట్ రన్నర్ దాంతోనే వస్తోంది.

తర్వాత డిబౌన్స్ రాయండి, నా ఓటు దానికే. సెర్చ్ బాక్సులో కొట్టిన ప్రతి అక్షరానికీ సర్వర్‌కి రిక్వెస్ట్ వెళ్లకుండా, టైపింగ్ ఆగి 300 మిల్లీసెకన్లు గడిచాక ఒక్కసారే వెళ్లేలా చేసేది ఇది. కోడ్ పది లైన్లు దాటదు. క్లోజర్ (బయటి ఫంక్షన్ వేరియబుల్స్‌ని లోపలి ఫంక్షన్ గుర్తుపెట్టుకోవడం) గురించి ఎంత చదివినా అర్థమైనట్టే ఉంటుంది గానీ, టైమర్ ఐడీని ఎక్కడ డిక్లేర్ చేయాలో తేల్చుకునేటప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. లోపలి ఫంక్షన్‌లో పెట్టారో, ప్రతి కాల్‌కీ కొత్త వేరియబుల్ పుడుతుంది, పాత టైమర్ రద్దు కాదు, రిక్వెస్టులన్నీ కాస్త ఆలస్యంగా వెళ్తాయి అంతే.

ఆ తర్వాత డీప్ క్లోన్, అంటే ఆబ్జెక్ట్‌ని లోపలున్నవాటితో సహా పూర్తిగా కాపీ చేయడం. జేసన్‌గా మార్చి వెనక్కి తెచ్చుకునే చిట్కా వాడకండి, తేదీలు స్ట్రింగులైపోతాయి, ఫంక్షన్లు మాయమవుతాయి, తనలో తననే దాచుకున్న ఆబ్జెక్ట్ ఎదురైతే ఎర్రర్ కొడుతుంది. ఒకసారి కాపీ చేసినవాటిని వీక్‌మ్యాప్‌లో (ఆబ్జెక్టులనే కీలుగా పెట్టుకునే మ్యాప్) గుర్తుపెట్టుకుంటూ రాయండి. నల్‌కి టైప్‌ఆఫ్ అడిగితే 'ఆబ్జెక్ట్' అనే చెబుతుంది (మొదటి నుంచీ ఉన్న జబ్బు), అది ముందే చూసుకోండి. రాశాక బ్రౌజర్‌లో ఉన్న స్ట్రక్చర్డ్‌క్లోన్ ఇచ్చే ఫలితంతో పోల్చుకోండి.

ప్రశ్న: నా లైబ్రరీని ఎన్‌పీఎంలో (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు అందరితో పంచుకునే చోటు) పెట్టొచ్చా?
– మరో పాఠకుడు

జవాబు: పబ్లిష్ ఎలా చేస్తారో తెలుసుకోవడానికైతే పెట్టండి, మీ యూజర్‌నేమ్ స్కోప్ కిందే (ప్యాకేజీ పేరుకి ముందు మీ యూజర్‌నేమ్ ఉండేలా). ఎవరో ఒకరు దాన్ని వాడడం మొదలుపెట్టారంటే మాత్రం బరువు మీదే. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినాయన తీసేస్తే, బాబెల్ (కొత్త జావాస్క్రిప్ట్‌ని పాత బ్రౌజర్లకు తగ్గట్టు మార్చే టూల్) సహా దాని మీద ఆధారపడ్డ ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. రీడ్‌మీ మొదటి లైన్‌లోనే 'ఇది సాధన కోసం రాసింది' అని పెట్టేయండి.