రంగులు పడ్డాయి, లెక్కల సారేడి?

ప్రశ్న: మా బాబు ఊళ్లోనే ప్రాథమికోన్నత బడిలో ఏడో తరగతి చదువుతున్నాడు. ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకంలో గోడలకు రంగులేశారు, బెంచీలు వచ్చాయి, బాగానే ఉంది. కానీ వాడికి భిన్నాలు కూడటం కూడా రాదు, లెక్కల సారు లేరు. ఇంత డబ్బు వస్తోంది కదా అంటే హెడ్‌మాస్టరు గారు చాక్‌పీసులకే చాలట్లేదమ్మా అంటున్నారు. ఆ డబ్బంతా ఏమవుతోంది? మాబోటివాళ్లు అడగొచ్చా?
- ఒక తల్లి, కోసిగి మండలం, కర్నూలు జిల్లా

జవాబు: అడగొచ్చమ్మా, అడగాల్సిందే. కాకపోతే ఏ పద్దు గురించో తెలుసుకుని అడగండి, లేదంటే ఒకరి మీద ఒకరు చెప్పి పంపించేస్తారు. 2019లో మొదలైన నాడు-నేడు డబ్బు మరుగుదొడ్లు, నీళ్లు, బెంచీలు, రిపేర్ల కోసం. ఏటా బడి ఖర్చులకు వచ్చేది కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం గ్రాంటు, అది పిల్లల సంఖ్యను బట్టి ఇస్తారు. 31 నుంచి 100 మంది ఉంటే 25 వేలు, 101 నుంచి 250 దాకా 50 వేలు. అందులో కనీసం పదో వంతు శుభ్రతకే పోవాలి. ఆ లెక్కన మీ హెడ్‌మాస్టరు గారి మాట అబద్ధమేం కాదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే: 105 మంది ఉన్న బడి 98కి దిగితే గ్రాంటు సగమైపోతుంది, కరెంటు బిల్లు మాత్రం సగం అవదు. బడి బాగాలేదని పిల్లలు మానేస్తే, పిల్లలు లేరని డబ్బు తగ్గించడం ఏం న్యాయం?

లెక్కల సారు సంగతి వేరు, జీతాలు ఈ గ్రాంటులోంచి రావు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు లెక్కలు-సైన్సుకు ఒకరు, సోషల్‌కు ఒకరు, భాషలకు ఒకరు ఉండాలని విద్యాహక్కు చట్టమే చెబుతోంది. టీచర్ల నియామకానికి 2025 మెగా డీఎస్సీ పేరుతో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు కదా, మరి మీ బడి ఖాళీని పైకి చూపించారా లేదా అని మండల విద్యాధికారిని (ఎంఈవో) రాతపూర్వకంగా అడగండి. స్కూల్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. తీర్మానాల పుస్తకం చూపించమనండి. సంతకం పెట్టమంటే, మీ బాబుతోనైనా చదివించుకోకుండా పెట్టకండి.

ఇంకొకటి. సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, గుంటూరు మిరప కోతలకు పోయేవాళ్లు పిల్లల్నీ వెంటబెట్టుకుపోతారు, ఇక్కడ భిన్నాల పాఠం జరిగేటప్పటికి ఆ పిల్లలు మిరప చేలో ఉంటారు. వలస పోయేవాళ్ల పిల్లలు ఇక్కడే ఉండి చదువుకోవడానికి సమగ్ర శిక్షలోనే సీజనల్ హాస్టళ్లున్నాయి. కావాలని కమిటీలో తీర్మానం చేసి దసరా లోపే ఎంఈవోకు ఇచ్చి రసీదు తీసుకోండి. బండ్లు కదిలాక ఇస్తే, కోతలు అయిపోయి అందరూ ఇంటికొచ్చాక మంజూరవుతుంది.