స్థానిక చాప్టర్‌కు బైలాస్ రాస్తున్నాం: లక్ష్యాలు, కోరం ఎలా పెట్టుకోవాలి?

మీ వృత్తి సంఘం స్థానిక చాప్టర్‌కు బైలాస్, అంటే ఆ శాఖ నడవాల్సిన నియమావళి, రాసే పని మీ మీద పడింది. లక్ష్యాలు ఎంత వివరంగా రాయాలి, కోరం, అంటే సమావేశం చెల్లాలంటే ఉండాల్సిన కనీస హాజరు, ఎంత పెట్టాలి అని అడిగారు. ఇలాంటి చాప్టర్‌కే కార్యదర్శిగా చేశాను కాబట్టి చూసింది చెబుతాను.

ముందు చట్టం దృష్టిలో మీ చాప్టర్ ఏమిటో తేల్చుకోండి. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం ఐఈఈఈలో చాప్టర్ అంటే మాతృసంస్థలో ఒక భాగమే, 12 మంది సభ్యుల సంతకాలతో దరఖాస్తు పెడితే ఏర్పడుతుంది. అదే ప్రాజెక్టు మేనేజర్ల సంఘం పీఎంఐలో చాప్టర్లు విడిగా రిజిస్టరైన సంస్థలు, మాతృసంస్థతో చేసుకున్న గుర్తింపు ఒప్పందం (చార్టర్) మీద ఆ పేరు వాడుకుంటాయి. మీది మొదటి రకమైతే చాలా నియమాలు పైనుంచే వస్తాయి. రెండో రకమైతే చట్టం, మాతృసంస్థతో ఒప్పందం, వాటి తర్వాతే మీ బైలాస్. పైవాటికి విరుద్ధంగా రాసింది చెల్లదు.

లక్ష్యాలు రాసేటప్పుడు అందరికీ చెయ్యి ధారాళమవుతుంది. వృత్తి అభ్యున్నతి, సభ్యుల సంక్షేమం, సమాజ సేవ అని రాస్తే ఎవరూ కాదనరు. తర్వాత ఎవరైనా నిధులు అడిగితే మీరూ కాదనలేరు! మా చాప్టర్లో ఒకాయన తన సొంత శిక్షణ సంస్థ సదస్సుకు చాప్టర్ డబ్బు అడిగారు, అదీ సభ్యుల సంక్షేమం పద్దు కింద. దాని మీద కార్యవర్గం రెండుగా చీలింది. తిరగరాసినప్పుడు మూడే మిగిల్చాం: సభ్యులకు నిరంతర శిక్షణ, కొత్తగా వృత్తిలోకి వచ్చినవారికి సీనియర్ల మార్గదర్శనం, ప్రమాణాల ముసాయిదాలపై చాప్టర్ అభిప్రాయం పంపడం. చేయనివి కూడా రాశాం: ఏ వాణిజ్య ఉత్పత్తినీ సిఫారసు చేయం, రాజకీయ అభ్యర్థులకు మద్దతివ్వం. నన్నడిగితే ఆ 'చేయం' పేరాయే ఎక్కువ అక్కరకొచ్చింది.

ఇక కోరం. మూడో వంతు అనేది కాగితం మీద న్యాయంగానే కనిపిస్తుంది. జాబితాలో 200 మంది ఉంటే 67 మంది రావాలి. కానీ ఆ 200లో ఊరు మారినవారు, రుసుం కట్టడం మానేసినవారు ఎందరు? మా సర్వసభ్య సమావేశంలో ఓసారి హాజరు పట్టీ పట్టుకుని తలలు లెక్కపెడుతూ గంట గడిపాం, ఇద్దరు తక్కువయ్యారు. ఎన్నిక వాయిదా పడింది, పదవీకాలం తీరిన కార్యవర్గమే కొనసాగింది. అందులో కొందరికి అది ఇబ్బందిగా ఏమీ లేదు, అది వేరే సంగతి. అందుకే ఓటు హక్కున్న సభ్యులు, అంటే బకాయి లేనివారు మాత్రమే లెక్కలోకి వస్తారని స్పష్టంగా రాయండి. వంతు తగ్గించి, పదో వంతు లేదా ఒక కనీస సంఖ్య, ఏది ఎక్కువైతే అది పెట్టుకోండి. కోరం లేక వాయిదా పడితే మళ్లీ పెట్టే సమావేశాన్ని వచ్చినవారితోనే నడపొచ్చని రాయండి, కానీ అందులో ముందే నోటీసిచ్చిన అంశాలే చర్చించాలి. బైలాస్ సవరణకు మాత్రం ఆ వెసులుబాటు వద్దు. దానికి ముందస్తు నోటీసు, హాజరైనవారిలో మూడింట రెండు వంతుల ఓట్లు ఉండాల్సిందే.

పదవీకాలం రెండేళ్లు, ఒకే పదవిలో వరసగా రెండు సార్లు మించకూడదు అంటే సరిపోతుంది. కోశాధికారి ఒక్కరి సంతకంతో డబ్బు కదలకూడదు, ఏటా లెక్కలు కార్యవర్గంలో లేనివారు చూడాలి.

రుసుం ఎంత, నెలవారీ సమావేశం ఏ వారం లాంటివి బైలాస్‌లోకి ఎక్కించకండి. కార్యవర్గ తీర్మానంతో మార్చుకునే విడి నిబంధనల్లో ఉంచండి, లేకపోతే రుసుం మార్చాలన్నా సర్వసభ్య సమావేశం పిలవాలి. చాప్టర్ మూతపడితే మిగిలిన సొమ్ము సభ్యులు పంచుకోకుండా మాతృసంస్థకో, అలాంటి లక్ష్యాలున్న మరో సంస్థకో వెళ్లాలన్న నిబంధన మర్చిపోవద్దు. ముసాయిదాను సభ్యుల ముందు ఓటుకు పెట్టేముందే మాతృసంస్థకు పంపి చూపించండి. ఓటయ్యాక వాళ్లు కొర్రీ వేస్తే మళ్లీ కోరం వెతుక్కోవాలి.