ఆదోని మిల్లు సర్వర్ గురించి అల్లుడికి

కర్నూలు

చి॥ అల్లుడికి,

ఆదోని జిన్నింగ్ మిల్లులో పాత సర్వర్ మార్చే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన కాగితం చూశాను. ఏ డేటాబేస్ (లెక్కలన్నీ దాచే ప్రోగ్రాం) సెకనుకు ఎన్ని వేల ఎంట్రీలు రాస్తుందో అంతా పట్టిక వేశావు. సీజన్లో పత్తి బండ్లు ఎంత పొడుగు వరస కట్టినా, కాటా మీద నిమిషానికి తెగేది ఒకటో రెండో చీటీలు. అంతమాత్రం పనికి ఆ పట్టికలో అట్టడుగున ఉన్నది కూడా చాలు. వేగం సంగతి వదిలెయ్. నువ్వు ఊళ్లో లేని రోజు సర్వర్ పడిపోతే లేపేది ఎవరు? కాగితంలో ఆ మాటే లేదు.

ముందు లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లను అడుగు. అది మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద తప్ప నడవదంటే ఇక వాదన లేదు. దాంట్లోనే ఉచితంగా వచ్చే ఎక్స్‌ప్రెస్ రకంతో మొదలుపెట్టొచ్చు. కానీ 2022 వెర్షన్ వరకు ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీయే హద్దు, 2025లో దాన్ని 50 చేశారు. బిల్లుల ఫొటోలన్నీ డేటాబేస్ లోపలే దాచే సాఫ్ట్‌వేర్ అయితే ఆ పది ఎప్పుడు నిండిందో కూడా తెలీదు. డబ్బు కట్టి కొనేదానికి కోర్ల (ప్రాసెసర్‌లో పనిచేసే భాగాల) లెక్కన లైసెన్సు తీసుకుంటే, ప్రాసెసర్‌కు కనీసం 4 కోర్లకు కట్టాలి. విండోస్ సర్వర్‌కు, దాన్ని వాడేవాళ్లకు మళ్లీ వేరే లైసెన్సులు. మిల్లు యజమాని సేఠ్‌కు ఇవన్నీ కలిపిన మొత్తమే చెప్పు, విడివిడిగా చెప్తే తర్వాత మాటొస్తుంది.

సాఫ్ట్‌వేర్ మీరే రాయించుకుంటుంటే నా ఓటు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కు. లైసెన్సు ఖర్చు లేదు. ఏటా ఒక పెద్ద వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి ఐదేళ్లు మరమ్మతులు వస్తాయి. అన్నిటికన్నా నాకు నచ్చేది, అది లినక్స్ మీదా, విండోస్ మీదా నడుస్తుంది. రేపు కింద ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాల్సొచ్చినా ప్రోగ్రాం జోలికి పెద్దగా పోనక్కర్లేదు. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ కూడా మంచిదే, నేర్చినవాళ్లు ఎక్కువ దొరుకుతారు. అదే పెట్టేట్టయితే 8.0 వద్దు, దాని గడువు 2026 ఏప్రిల్‌ వరకే, 8.4 పెట్టు. అక్షరాల సెట్ (అక్షరాలను దాచే పద్ధతి) 'యూటీఎఫ్8ఎంబీ4' ఉండాలి. తెలుగు అక్షరం మూడు బైట్లలో ఇముడుతుంది కాబట్టి పాత 'యూటీఎఫ్8'లోనూ రైతుల పేర్లు బాగానే కనిపిస్తాయి, చిక్కల్లా నాలుగు బైట్ల ఎమోజీతోనే. రైతు పేరులో ఎమోజీ ఎందుకుంటుంది అంటావు. వాట్సాప్ నుంచి కాపీ కొట్టి అతికించే గుమాస్తా ప్రతి మిల్లులో ఉంటాడు.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు పేరు కన్నా గడువు తేదీ చూడు. సెంటోస్ 8 అనే లినక్స్ రకానికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయని నమ్మి పెట్టుకున్నారు జనం. 2020 డిసెంబరులో ప్రకటన చేసి, 2021 చివరికే ఆపేశారు. ఆ మంట మీదే దాని బదులుగా ఆల్మా, రాకీ అనే లినక్స్‌లు పుట్టాయి. ఇప్పుడైతే లినక్స్‌లో డెబియన్ గానీ, ఉబుంటులో ఎక్కువేళ్లు మరమ్మతులొచ్చే ఎల్‌టీఎస్ గానీ చాలు. అయితే ఒక షరతు. మిల్లులో ఇంకొక మనిషికైనా సర్వీసు ఆపడం, మొదలుపెట్టడం, బ్యాకప్ ఎక్కించడం నేర్పి, ఆ కమాండ్లు కాగితం మీద రాసి గోడకు అంటించాలి. అలాంటి మనిషి లేడు, ఊళ్లో రిపేరు కుర్రాళ్లకు విండోస్ తప్ప రాదు అంటే విండోసే పెట్టు. అందులో నామోషీ ఏం లేదు.

కరెంటు సంగతి నీకు నేను చెప్పాలా! యూపీఎస్ ఉంటే సరిపోదు, బ్యాటరీ అయిపోతున్నప్పుడు సర్వర్ తనంతట తాను సరిగ్గా ఆగిపోయేలా దానికి కేబుల్ కలపాలి. వేగం కోసమని పోస్ట్‌గ్రెస్‌లో ఎఫ్‌సింక్ (రాసింది డిస్కు మీదకు చేరేలా చూసే ఏర్పాటు) ఆపమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. కరెంటు పోతే డేటా ఫైళ్లే చెడిపోవచ్చు. ఎస్‌ఎస్‌డీ డిస్కు కొనేటప్పుడు కరెంటు పోయినా రాతలు కాపాడే రకం అడుగు, కాస్త ఖరీదెక్కువైనా.

మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఆడిటర్‌తో ఒకసారి కూర్చో. లెక్కల పుస్తకాల బ్యాకప్ రోజూ దేశంలోనే ఉన్న సర్వర్‌లోకి వెళ్లాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో రికార్డు పడే సాఫ్ట్‌వేరే వాడాలి, ఆ రికార్డు ఆపడానికి వీలుండకూడదు. జీఎస్‌టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. అంటే పాత సర్వర్‌లోని డేటా పారేయడానికి లేదు. కొత్తదాంట్లోకి తెచ్చుకో, లేదా చదవడానికి వీలుగా ఉంచు. నెలకోసారి బ్యాకప్‌ను వేరే మెషీన్‌లో ఎక్కించి, మూడు చీటీలు తీసి పాత కాగితాలతో సరిచూడండి.

మార్పిడి పత్తి రాకముందే, ఎండాకాలంలో పెట్టుకో. కాటా ఇండికేటర్ (బరువు చూపే పెట్టె) కేబుల్ ఏ కంప్యూటర్‌కు తగిలించారో నువ్వు రాయలేదు. సర్వర్‌కే అయితే ముందు దాన్ని విడదీసి కాటా గదిలో వేరే కంప్యూటర్ పెట్టించు. ఆ సంగతి చూసుకుని ఆదివారం ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మామ