చేత్తో తిప్పితే తుస్సుమంటున్న హిట్ అండ్ మిస్ ఇంజన్‌కి కాయిల్ మార్చాలా?

మీది డ్రాయింగు చూసి సొంతంగా చేసుకున్న చిన్న హిట్ అండ్ మిస్ ఇంజన్, అంటే వేగం పెరిగినప్పుడు కొన్ని పేలుళ్లు వదిలేసి తిరిగే పాతకాలపు రకం. మీరు చెప్పిందాన్నిబట్టి బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 34, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 45 మి.మీ., పిస్టన్ రింగు సొంతంగా చేసింది. ప్లగ్గు బయటపెట్టి చూస్తే నిప్పు బాగానే పడుతోంది, కానీ ఇంజన్ ఒక్కసారి డబ్‌మని ఆగిపోతోంది. అలాంటప్పుడు ప్లగ్గుకి నిప్పునిచ్చే కాయిల్ జోలికి వెళ్లకండి. అప్పుడప్పుడైనా పేలుతోందంటే నిప్పు అందుతున్నట్టే, తుస్సుమంటోందంటే గాలి ఎక్కడో జారిపోతోంది.

ఎక్కడో తేల్చడానికి ప్లగ్గు రంధ్రంలోంచి నాలుగైదు చుక్కలు 40 నంబరు ఇంజన్ ఆయిల్ వేసి ఫ్లైవీలు తిప్పండి. బిగువు పెరిగితే తప్పు రింగుదో బోరుదో. పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్. బుస కార్బురేటర్ దగ్గర వినిపిస్తే ఇన్‌లెట్, సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్.

ఎక్కువసార్లు దొరికే దొంగ బోరే. పలచటి లైనర్‌ని (పిస్టన్ తిరిగే సిలిండరు గొట్టం) లేతు మూడు దవడల చక్కులో గట్టిగా బిగించి బోరు తీస్తే, చక్కులో ఉన్నంతసేపు గుండ్రంగానే ఉంటుంది. వదలగానే మూడు చోట్ల ఉబ్బుతుంది. రెండు వైపులా కొలిచే బోర్ గేజీకి ఇది సరిగ్గా చిక్కదు. రింగుని బోరులో తిన్నగా దించి కింద టార్చి పెట్టి చీకట్లో చూడండి, వెలుతురు కారే చోటు కనబడుతుంది. లైనర్‌ని చీల్చిన తొడుగులో పట్టుకోండి, లేదా దాని ఫ్లాంజిని (అంచు చుట్టూ ఉండే పట్టీ) లేతు ఫేస్‌ప్లేటుకి బోల్టు చేయండి. ఆఖరి కోత అదే సెట్టింగులో రెండోసారి పోనివ్వండి, లేదంటే బోరింగ్ బార్ వంగి లోపలి కొస సన్నగా మిగులుతుంది. హోనింగుకి (సానరాళ్లతో బోరు నునుపు చేయడం) 0.03 మి.మీ. ఉంచితే చాలు. గ్రైండింగ్ పేస్టు మాత్రం బోరులో వాడొద్దు, పోత ఇనుములో దిగబడిపోయి రింగుని అరగదీస్తూనే ఉంటుంది. హోన్ చేశాక పెట్రోలుతో తుడిస్తే సరిపోదు, వేడినీళ్లూ సబ్బూ పెట్టి తెల్లగుడ్డకి మరక అంటనంతవరకూ కడగాలి.

మీ లైనర్ గోడ 4 మి.మీ. ఉందన్నారు కాబట్టి బోరుని 35కి తెరవడం మంచిది. హోండా జీఎక్స్25 ఇంజన్ బోరు సరిగ్గా 35. దాని రింగులు బ్రష్ కట్టర్ విడిభాగాల కొట్లలో అడగండి, ఆటోనగర్‌లోనూ వాకబు చేయవచ్చు. రింగు కొనుక్కొచ్చి, మందం కొలిచి, ఆ తర్వాతే పిస్టన్ గాడి తీయండి. గాడి వెడల్పు రింగు మందం కంటే 0.03 మి.మీ. ఎక్కువుండాలి. బోరులో రింగు కొసల మధ్య సందు 0.15 నుంచి 0.2. పిస్టన్ పోత ఇనుముదైతే బోరుకంటే 0.04 తక్కువ, అల్యూమినియందైతే 0.07 తక్కువ.

వాల్వుల సీటు (వాల్వు తల ఆనే అంచు) వెడల్పు 1 మి.మీ. దాటకూడదు. గైడు రంధ్రం (వాల్వు కాడ జారేది), సీటు ఒకే బిగింపులో తీయకపోతే ఎంత పేస్టు రుద్దినా కూర్చోదు, పైగా వాల్వు మీద గాడి పడుతుంది. పోర్టులో కిరోసిన్ పోసి ఒక నిమిషం చూడండి. చుక్క రాలకూడదు.

ఇన్‌లెట్ వాల్వు పీల్పుకే తెరుచుకునే రకం కాబట్టి స్ప్రింగు బాగా మెత్తగా ఉండాలి. తల 12 మి.మీ. అయితే 100 గ్రాముల ఒత్తిడికి లేవాలి, వంటింటి కాటా మీద నొక్కి చూసుకోవచ్చు. ఎగ్జాస్ట్ స్ప్రింగు కనీసం అరకిలో పట్టాలి. బలహీనమైతే పీల్పుకి అదీ లేస్తుంది, లోపలికి కాలిన పొగే వస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వు, పిస్టన్ కింది కొసకి చేరడానికి క్రాంకు తిరుగుడులో 40 డిగ్రీల ముందు తెరుచుకుని, పిస్టన్ పై కొస దాటాక 5–10 డిగ్రీల్లో మూసుకోవాలి.

35కి తెరిచాక కంప్రెషన్ కూడా చూసుకోండి. పిస్టన్ పై కొసన ఉంచి, వాల్వులు రెండూ మూసి, సిరంజితో ఆయిల్ పోస్తే 11 సి.సి. పట్టాలి. అప్పుడు కంప్రెషన్ నిష్పత్తి 5:1 వస్తుంది. 15 పట్టిందంటే 4కి కూడా కాస్త తక్కువే.

ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత డ్రాయింగులో చెప్పినదానికంటే కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే నీడిల్ కొంచెం ఎక్కువ తెరవాల్సి వస్తుంది, పావు తిప్పుతో మొదలుపెట్టి చూడండి.