కాంట్రాక్టు ముగిసింది, వీసా ముగిసింది, పెన్షన్ డబ్బు మాత్రం అక్కడే ఉండిపోయింది

ప్రశ్న అడిగిన మేడమ్ గారు అమెరికాలోని నార్త్ కరోలినాలో, విదేశీ టీచర్లని కొన్నేళ్ళ కోసం రప్పించే జే1 వీసా మీద మూడో ఏడాది పాఠాలు చెబుతున్నారు. జూన్‌తో కాంట్రాక్టు అయిపోతుంది, పొడిగించడం లేదని స్కూల్ వాళ్ళు చెప్పేశారట. నెలనెలా జీతంలో కోసిన పెన్షన్ డబ్బు చేతికి రాకముందే వీసా గడువు దాటిపోతుంది కదా, ఇక దాని మీద ఆశ వదులుకోవడమేనా అని అడుగుతున్నారు.

వదులుకోకండి మేడమ్. అది మీరు నిలబడి పాఠం చెప్పి సంపాదించిన జీతం. నేను అదే రాష్ట్రంలో 2019 ఆగస్టు నుంచి 2022 జూన్ దాకా ఏడు, ఎనిమిది తరగతులకి లెక్కలు చెప్పాను. ఇంటికి వచ్చేశాక ఆ డబ్బు చేతికి అందడానికి ఏడు నెలలు పట్టింది. అందులో సగానికి పైగా కాలం కేవలం నాకు ముందు తెలియకపోవడం వల్ల పోయింది. మీకు అలా జరగకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మీ పే స్టబ్, అంటే జీతం చీటీ, తీసి చూడండి. నా 2022 మే నెలది ఇప్పటికీ ఫైల్లో ఉంది. గ్రాస్ 4,310 డాలర్లు. కింద కోతల వరసలో స్టేట్ రిటైర్మెంట్ అని ఒక గడి, అందులో 258.60. సరిగ్గా 6 శాతం. ఆ రాష్ట్రంలో టీచర్లందరికీ అంతే, మనం విదేశీయులమని మినహాయింపు లేదు. సౌత్ కరోలినాలో అయితే 9 శాతం, టెక్సాస్‌లో 8.25. ఏడాదికి పది జీతాలు, మూడేళ్ళు. నావి మొత్తం 7,500 డాలర్ల పైచిలుకు తేలాయి. అప్పటి రేటుకి దాదాపు ఆరు లక్షల రూపాయలు. నేను వెళ్ళేటప్పుడు హైదరాబాద్‌లో ఏజెన్సీకి కట్టింది కూడా ఇంచుమించు అంతే. అందుకోసం పుస్తెలతాడు తప్ప ఒంటి మీది బంగారమంతా బ్యాంకులో పెట్టాం. ఆ ఏజెన్సీ వాళ్ళు ఇంటర్వ్యూలో ఏ రంగు చీర కట్టుకోవాలో చెప్పారు, అక్కడ చలికి ఏం కొనుక్కోవాలో చెప్పారు. జీతంలో పెన్షన్ కోస్తారని, వచ్చేటప్పుడు అడిగి తీసుకోవాలని ఒక్క ముక్క చెప్పలేదు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, రెండు గడువులు ఒకదానితో ఒకటి కలవవు. జే1 వాళ్ళకిచ్చే డీఎస్-2019 అనే అనుమతి పత్రం మీద ఉన్న ఆఖరి తేదీ తర్వాత జే1 వాళ్ళకి 30 రోజులు మాత్రమే ఇస్తారు. ఆ 30 రోజుల్లో పని చేయకూడదు, దేశం దాటితే మళ్ళీ లోపలికి రానివ్వరు. సర్దుకుని వెళ్ళడానికే ఆ గడువు. పెన్షన్ డబ్బేమో, ఉద్యోగం మానేసిన 60 రోజుల లోపల ఇవ్వకూడదని ఆ రాష్ట్ర చట్టంలోనే ఉంది. అంటే ఎంత తొందరపడినా, ఎంతమందిని బతిమాలినా, మీరు అక్కడ ఉండగా ఆ డబ్బు రాదు. ఈ సంగతి తెలియక జులై అంతా నేను రోజూ బ్యాంకు యాప్ తెరిచి చూసుకుంటూ కూర్చున్నాను.

ఆ జులై నాకు బాగా గుర్తుంది. నా డీఎస్-2019 జూన్ 30తో అయిపోయింది. 24వ తేదీకి టికెట్. అపార్ట్‌మెంట్‌లో పరుపు, కుక్కర్, రెండు సూట్‌కేసులు మిగిలాయి. కారు కొనడానికి ఒకాయన దొరికితే టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద నోటరీ ముందు సంతకం పెట్టాలన్నారు. నంబర్ ప్లేటు వెనక్కి ఇచ్చేదాకా ఇన్సూరెన్స్ ఆపడానికి లేదన్నారు. అన్నీ అయ్యాక, అక్కడి ప్రభుత్వ బడులని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకి వెళ్ళాను. వేసవి కదా, జీతాలు చూసే పేరోల్ విభాగంలో ఒకే ఒక్కావిడ ఉన్నారు. గాజు కిటికీ అవతల నుంచి చాలా మర్యాదగా మాట్లాడారు. రిటైర్మెంట్ సంగతి అడిగితే, అదంతా దానంతటదే వెళ్ళిపోతుంది, నువ్వేం కంగారు పడకు అన్నారు. నేను నమ్మాను. ఆఫీసులో పెద్దావిడ చిరునవ్వుతో చెబితే నమ్మేయడమే మనకి అలవాటు. ఏ తేదీకి పంపుతారు, ఏ పేరు మీద పంపుతారు, ఆ మాట రాసి ఇస్తారా అని అడగాల్సింది. అడగలేదు.

ఒక్క మంచి పని మాత్రం చేశాను. మా పక్క గదిలో సైన్స్ చెప్పే ఫిలిప్పీన్స్ టీచర్ ఒకావిడ ఉండేవారు, నన్ను చెల్లీ అన్నట్టే చూసుకునేవారు. బ్యాంకు ఖాతా మూసేయడానికి వెళ్తున్నానంటే పార్కింగ్‌లోనే చెయ్యి పట్టుకుని ఆపారు. ఖాతా అలాగే ఉంచు, కొంచెం డబ్బు వదిలేసి వెళ్ళు, ఉత్తరాలకి ఇక్కడున్న మీ వాళ్ళెవరి చిరునామా అయినా ఇవ్వు అన్నారు. షార్లెట్‌లో ఉండే మా పిన్ని కొడుకు చిరునామా ఇచ్చాను. ఖాతాలో 300 డాలర్లు ఉంచాను. ఆ మాట వినకపోయి ఉంటే ఈ జవాబు రాసే అవకాశమే ఉండేది కాదు.

ఆగస్టు పోయింది, సెప్టెంబర్ పోయింది. అక్టోబర్‌లో రాష్ట్ర రిటైర్మెంట్ ఆఫీసుకి ఫోన్లు మొదలుపెట్టాను. మనకి సాయంత్రం ఆరు దాటితే అక్కడ ఆఫీసులు తెరుస్తారు. వంటింటి గట్టు మీద ఫోన్ స్పీకర్‌లో పెట్టి చపాతీలు ఒత్తుకుంటూ ఉండేదాన్ని. అటువైపు నుంచి అదే సంగీతం, మీరు వరసలో ఫలానా నంబర్ అనే మాట. మా అబ్బాయికి ఆ ట్యూన్ నోటికి వచ్చేసింది. చివరికి ఒకమ్మాయి లైన్లోకి వచ్చి నిదానంగా వివరంగా చెప్పింది. వాళ్ళ రికార్డులో నేను ఇంకా ఉద్యోగంలోనే ఉన్నట్టు కనిపిస్తోందట. మా స్కూల్ డిస్ట్రిక్ట్ నా ఆఖరి తేదీ పంపనే లేదు. ఆ తేదీ రానిదే డబ్బు వెనక్కి ఇమ్మనే దరఖాస్తు కదలదు.

ఇంకో ముడి కూడా బయటపడింది. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, రెండు ముక్కల పేరు ఇంకో గడిలో సరిగ్గానే ఉన్నాయి. పేరోల్‌లో ఎక్కించేటప్పుడు నా పేరులో రెండో ముక్కని ఇంటిపేరుగా చేసేశారు, అసలు ఇంటిపేరు ఒక్క అక్షరమై మధ్యలో మిగిలింది. మూడేళ్ళు జీతాలు వచ్చాయి కాబట్టి నేనూ పట్టించుకోలేదు. కానీ బ్యాంకులో పాస్‌పోర్టు ప్రకారం ఉంది, పెన్షన్ ఖాతాలో పేరోల్ ప్రకారం ఉంది. రెండూ నేనేనని అమెరికా నోటరీ ముద్రతో కాగితం పంపాల్సి వచ్చింది. అపాయింట్‌మెంట్ తీసుకుని నవంబర్‌లో బేగంపేట పైగా ప్యాలెస్‌కి వెళ్ళాను, అప్పటికి కాన్సులేట్ ఇంకా అక్కడే ఉండేది, నానక్‌రామ్‌గూడకి మారింది 2023లో. ఒక్క ముద్రకి 50 డాలర్లు. అదే ముద్ర కారు టైటిల్ కోసం వెళ్ళిన రోజున నాలుగైదు డాలర్లలో వేయించుకుని ఉండేదాన్ని. తెలుగువాళ్ళ ఇంటిపేర్లతో ఈ బాధ ఎన్నాళ్ళ నుంచో ఉంది. మీరు ఈ వారమే పే స్టబ్, పాస్‌పోర్టు, సోషల్ సెక్యూరిటీ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్ నాలుగూ పక్కపక్కన పెట్టి ప్రతి అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే అక్కడ ఉండగానే దిద్దించుకోండి.

ఆఖరి తేదీ సంగతి ఎలా తేలిందంటే, మా స్కూల్ ఫ్రంట్ ఆఫీసులో పనిచేసే సెక్రటరీ గారికి మెయిల్ రాశాను. ఆవిడ భోజనం వేళలో స్వయంగా డిస్ట్రిక్ట్ ఆఫీసుకి వెళ్ళి, నా కాగితం పంపేదాకా అక్కడే కూర్చున్నారట. నేను పెట్టిన పదకొండు మెయిళ్ళకి లేని చలనం ఆవిడ ఒక్కసారి వెళ్తే వచ్చింది. 2023 ఫిబ్రవరిలో డబ్బు ఖాతాలో పడింది.

పడింది అంటే మొత్తం పడలేదు. పన్ను ముందే కోస్తారు. మామూలుగా 20 శాతం, నాన్ రెసిడెంట్‌గా లెక్కేస్తే 30 దాకా. మీకు 59 ఏళ్ళ 6 నెలలు నిండకపోతే ఆ పైన 10 శాతం అదనపు పన్ను ఉంటుంది. పన్ను ఫారం కూడా మీరిచ్చిన చిరునామాకే వస్తుంది, దాన్ని పట్టుకుని మరుసటి ఏడాది నాన్ రెసిడెంట్ల పన్ను రిటర్ను 1040-ఎన్ఆర్ ఫైల్ చేస్తే ఎక్కువ కోసింది కొంత వెనక్కి వస్తుంది. నాకు వచ్చింది. బద్ధకించకండి.

స్కూల్ తరఫున కట్టిన వాటా మాత్రం మనకి ఇవ్వరు. అది మన 6 శాతానికి రెండు రెట్ల పైనే ఉంటుంది. ఐదేళ్ళ సర్వీసు నిండితే అప్పుడు పెన్షన్ హక్కు వస్తుంది, 60 దాటాక చిన్నదో పెద్దదో నెలనెలా వచ్చేది. జే1 టీచర్‌కి మూడేళ్ళు, పొడిగిస్తే ఇంకో రెండేళ్ళు, అంటే సరిగ్గా ఐదే. మూడో ఏడాది ఆఖరున పొడిగించబోమని చెప్పడంలో బడ్జెట్ కారణం ఒక్కటే ఉందంటే నేను నమ్మను. మూడేళ్ళకొకసారి కొత్తవాళ్ళని తెచ్చుకుంటే ఎవరికీ పెన్షన్ ఇచ్చే పని ఉండదు. మా డిస్ట్రిక్ట్‌లో నా కళ్ళ ముందు నలుగురికి ఇలాగే జరిగింది.

సోషల్ సెక్యూరిటీ, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ పెన్షన్ పథకం, దాని గురించి మీరు అడగలేదు కానీ, నా గుండె ఎక్కువ మండేది దాని గురించే. మొదటి రెండు క్యాలెండర్ సంవత్సరాలు మనకి అది కోయరు. నాకు 2021 జనవరి నుంచి 6.2 శాతం మొదలైంది. వచ్చేనాటికి దాదాపు 4,000 డాలర్లు. అది తిరిగి రాదు. 40 క్రెడిట్లు ఉండాలి, అంటే పదేళ్ళ పని. ఐదేళ్ళకి మించి ఉండనివ్వని వీసా ఇచ్చి పదేళ్ళ షరతు పెడితే ఎవరికి న్యాయం? మా స్కూల్లో స్పానిష్ చెప్పే టీచర్ స్పెయిన్ నుంచి వచ్చారు. ఆ దేశానికి అమెరికాతో ఒప్పందం ఉంది కాబట్టి ఆయన కట్టిన కాలం వాళ్ళ ఊళ్ళో పెన్షన్‌కి లెక్కలోకి వస్తుంది. ఇండియాకి అమెరికాతో అలాంటి ఒప్పందం లేదు. జర్మనీతో ఉంది, కొరియాతో ఉంది, జపాన్‌తో ఉంది. లక్షలమంది తెలుగువాళ్ళు పనిచేసే దేశంతో లేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అడగడానికి సంఘాలున్నాయి, కంపెనీలున్నాయి. ఖమ్మం నుంచో ఒంగోలు నుంచో వెళ్ళి చిన్న ఊళ్ళలో లెక్కలు, సైన్సు చెప్పే టీచర్ల తరఫున ఎవరు అడుగుతారు?

వీసా విషయంలో ఒక చిన్న మాట. జే1 అయ్యాక రెండేళ్ళు తప్పకుండా ఇండియాలో ఉండాలనే షరతు మనలో చాలామందికి స్కిల్స్ లిస్ట్ (ఏ దేశానికి ఏ నైపుణ్యాలు అవసరమో చెప్పే అమెరికా జాబితా) వల్ల వచ్చేది. 2024 డిసెంబర్ 9 నుంచి ఆ జాబితాలో ఇండియా లేదు. కానీ మళ్ళీ జే1 టీచర్‌గానే వెళ్ళాలంటే రెండేళ్ళు బయట ఉండాల్సిందే. హెచ్1బీ మీద వెనక్కి వస్తాననుకుంటే, 2025 సెప్టెంబర్‌లో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము పెట్టారు. పల్లెటూరి స్కూల్ డిస్ట్రిక్ట్ అంత డబ్బు ఎక్కడి నుంచి తెస్తుంది? అందుకే వెనక్కి వెళ్ళాక చూసుకుందాం అనే ఆలోచన పెట్టుకోకండి. పేరోల్ వాళ్ళకి ఇప్పుడే మెయిల్ పెట్టండి. నా ఆఖరి పనిదినం ఇది, రిటైర్మెంట్ ఆఫీసుకి ఏ తేదీకి తెలియజేస్తారు అని అడిగి, జవాబు మెయిల్‌లోనే తీసుకోండి. బ్యాంకు ఖాతా తెరిచే ఉంచండి. ఆన్‌లైన్ లాగిన్‌కి వచ్చే ఓటీపీ అమెరికా నంబర్‌కి కట్టుబడి ఉంటే, ఆ నంబర్‌ని తక్కువ ప్లాన్‌లోకి మార్చి బతికించుకోండి.

నాతో పాటు అదే విమానంలో వెళ్ళిన సైన్స్ మాస్టారు ఒకరున్నారు, ఖమ్మం దగ్గర. ఆయన ఖాతా మూసేసి, ఫోన్ నంబర్ వదిలేసి వచ్చారు. ఆయన డబ్బు ఇంకా అక్కడే ఉంది. పోయిందిలే అమ్మా అని మూడేళ్ళుగా అంటూనే ఉన్నారు. పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళి అటక మీద అట్టపెట్టె దింపించాం. పాఠ్యపుస్తకాల అడుగున పే స్టబ్‌లు దొరికాయి, ముప్ఫైకి ఇరవై ఎనిమిది. ఆయన దరఖాస్తు నింపి పంపారు, సాయంత్రం ఆరు దాటాక ఆ ఫోన్ కాల్స్ ఇప్పుడు మా ఇంటి నుంచే చేస్తున్నాం.